కాన్పులు చూసే నర్సులకు జన్యుశాస్త్రం ఎందుకు?

కాన్పు చేయడానికి కాదు, వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల ప్రమాదాన్ని గర్భం తొలి నెలల్లోనే పసిగట్టి డాక్టరు దగ్గరికి పంపడానికి ప్రసూతి నర్సులకు, ఏఎన్ఎంలకు జన్యుశాస్త్రం కొంత తెలియాలి. గర్భిణి ముందుగా కలిసేది వాళ్లనే. మేనరికమా, ఇంట్లో తరచూ రక్తం ఎక్కించాల్సిన పిల్లలున్నారా అన్న రెండు ప్రశ్నలే చాలా సంగతి చెబుతాయి.

దేవరకొండ వైపు ఒక జంట మేనబావ, మరదలు అనుకుందాం. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. కానీ ఇద్దరిలోనూ ఒక్కో తలసేమియా (రక్తం సరిగా తయారు కాక తరచూ ఎక్కించాల్సి వచ్చే జబ్బు) జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్‌ను కొలిచే రక్తపరీక్షతో ఆ జన్యువు ఉందో లేదో తెలుస్తుంది. ముందు భార్యకు చేస్తారు, ఆమెలో ఉంటే భర్తకు. భర్తను ఒప్పించడమే అసలు కష్టం.

25 శాతమంటే నలుగురిలో ఒకరికే కదా, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక మిగతావాళ్లకు రాదని చాలామంది ధీమా పడతారు. తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే. నల్లగొండలో దీనికి తోడు ఇంకో పొరపాటు ఉంది: తాతకూ మనవడికీ ఫ్లోరోసిస్ (పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) ఉంటే అది రక్తంలోనే వచ్చిందనుకుంటారు. వచ్చింది ఇద్దరూ తాగిన బోరునీళ్లలోంచి.