దక్కన్ రేడియో చరిత్ర ఏమిటి? నల్లగొండ, పాలమూరు వైపు అది వినిపించేదా?

మీరు రెండు సంగతులు అడిగారు. హైదరాబాద్ సంస్థానంలో నడిచిన దక్కన్ రేడియో కథ ఏమిటన్నది ఒకటి, అది పట్నం దాటి మన జిల్లాల్లో ఎవరికైనా వినపడేదా అన్నది రెండోది. రెండోదానికి నేను గట్టిగానే జవాబు చెప్పగలను. మా తాత విన్నాడు. ఆయన విన్న సెట్టు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ముందు చరిత్ర. దీన్ని మొదలుపెట్టింది నిజాం ప్రభుత్వం కాదు. మహబూబ్ అలీ అనే ఆయన 1930ల మొదట్లో ఆబిడ్స్ దగ్గరి చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మీటర్‌తో సొంతంగా నడిపాడు. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అప్పటికి దేశంలో ఆలిండియా రేడియో అన్న పేరే లేదు, ఆ పేరు 1936 జూన్‌లో వచ్చింది. తర్వాత స్టూడియో ఖైరతాబాద్‌లోని యావర్ మంజిల్‌కు మారింది. సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్ పెట్టారు. అది పలికింది 411 మీటర్ల అలపొడవు మీద, అంటే 730 కిలోహెర్ట్జ్. ఈ 411 గుర్తుపెట్టుకోండి, నా కథంతా దాని చుట్టే ఉంది.

1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం స్టేషన్‌ను తీసుకుంది. ఆ రోజు నుంచి అది ఆలిండియా రేడియో హైదరాబాద్ కేంద్రం. దక్కన్ రేడియోను మూసేశారు అని కొందరు అంటుంటారు, అది సరికాదు. పేరు పోయింది, యజమాని మారాడు, స్టేషన్ మాత్రం నడుస్తూనే ఉంది.

ప్రసారాలు ఎక్కువగా ఉర్దూలో ఉండేవి. తెలుగుకు, మరాఠీకి, కన్నడకు కొంత సమయం ఇచ్చేవాళ్లు. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగైనప్పుడు ఆ రేడియోలో తెలుగు వాటా అంత తక్కువగా ఉండటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మా తాత బడిలో ఉర్దూలోనే చదివాడు కాబట్టి వార్తలు అర్థమయ్యేవి. బడి మొహం చూడనివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, అందులో తెలుగు వినపడే కాసేపే రేడియో. మిగతాదంతా చప్పుడు. ఆ ఉర్దూ సంప్రదాయం 1950 తర్వాత పూర్తిగా పోలేదు. హైదరాబాద్ కేంద్రం ఉర్దూ కార్యక్రమం నైరంగ్ దాని కొనసాగింపే అని నేననుకుంటాను.

ఇక మన వైపు ఎలా వినపడేదో చెప్తాను. మా ఊరు నకిరేకల్ దగ్గర. తాత కుర్రతనంలో నల్లగొండలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండేవాడు. సేటు దగ్గర బ్యాటరీ మీద నడిచే వాల్వుల సెట్టు ఉండేది. పల్లెల్లో కరెంటు లేని రోజులు. 90 వోల్టుల డ్రై బ్యాటరీ ప్యాకు ఇటుకంత బరువు ఉండేది, ధర కూడా ఎక్కువే. అందుకే సేటు వార్తల వేళకు పెట్టి, అవి అయిపోగానే కట్టేసేవాడట. ఆ కాసేపు దుకాణం ముందు అరుగు నిండిపోయేది. బట్ట కొనడానికి కాదు, వినడానికి వచ్చేవాళ్లు.

నల్లగొండకూ హైదరాబాదుకూ మధ్య దూరం సుమారు వంద కిలోమీటర్లు. పాలమూరుకు కూడా దాదాపు అంతే. మీడియం వేవ్ పగలు నేలను పట్టుకుని పాకుతుంది. తడి నేల మీద, నల్లరేగడి మీద హాయిగా సాగుతుంది కానీ మనది రాతి నేల. గుట్టలు, బండలు, ఎర్రచెల్కలు. ఇలాంటి నేల అలను తొందరగా మింగేస్తుంది. 5 కిలోవాట్లంటే పెద్ద శక్తి కూడా కాదు. అందుకే పగటి పూట పలుచగా వచ్చేది. పొద్దు గూకాక ఇంకో రకం ఇబ్బంది. రాత్రి పూట అలలు ఆకాశంలోని పొరకు తగిలి తిరిగి కిందికి వస్తాయి. దాంతో ఎక్కడెక్కడి దూరపు స్టేషన్లూ వచ్చి పక్కన కూర్చుంటాయి. కాబట్టి వినాలంటే ఏరియల్ తీగ ఎత్తుగా ఉండాలి, ఎర్త్ తీగ తడిగా ఉండాలి.

ఈ ఎర్త్ తీగతో నాకు స్వయంగా పరిచయం ఉంది. ఆ సెట్టును సేటు పాతబడ్డాక తాతకు ఇచ్చేశాడు. నా చిన్నప్పుడు, 1970లలో, అది మా ఇంటి అర్రలో గూట్లో ఉండేది. ఊరికి కరెంటు వచ్చాక తాత దానికి బ్యాటరీ బదులు కరెంటు మీద నడిపించే ఎలిమినేటర్ పెట్టించాడు. పెరట్లో రెండు వెదురు కర్రల మధ్య రాగి తీగ, కిటికీ కింద భూమిలో పాతిన ఇనుప కడ్డీ. ఎండాకాలం వార్తలకు ముందు తాత కేకేసేవాడు: "ఒరే, కడ్డీకాడ ఇన్ని నీళ్లు పొయ్యిపో!" చెంబెడు నీళ్లు పోసేవాణ్ణి. ఎండిన మట్టి బుస్సుమని పీల్చుకునేది. లోపల గరగర తగ్గి మాట తేటపడేది. నీళ్లు తాగి రేడియో మాట్లాడుతుందని నేను నిజంగానే నమ్మాను. పాలమూరులో మా మేనత్త వాళ్లింట్లో కూడా ఇదే పద్ధతి.

1948 సెప్టెంబర్ 17 సంగతి తాత చాలాసార్లు చెప్పాడు. 13న భారత సైన్యం సంస్థానంలోకి దిగింది. మన వైపు కోదాడ, సూర్యాపేట మీదుగా వచ్చింది. నల్లగొండలో సగం తలుపులు మూసే ఉన్నాయట. ఎవరి మాట నమ్మాలో తెలియదు, ఎవరు ఎటు నుంచి వస్తారో తెలియదు. ఆ సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా దక్కన్ రేడియోలో మాట్లాడాడు. తన సైన్యం కాల్పులు ఆపుతుందని, రజాకార్లను నిషేధిస్తున్నానని, భారత సైన్యం బొల్లారం, సికింద్రాబాద్ చేరుకోవడానికి అనుమతిస్తున్నానని ప్రకటించాడు. దుకాణం తలుపులు వేసుకుని నలుగురైదుగురు సెట్టు చుట్టూ కూర్చున్నారు. ఎక్కడో ఉరుములు, మెరుపు మెరిసినప్పుడల్లా మీడియం వేవ్‌లో పటపటలు. ముక్కలు ముక్కలుగా వినపడిందట. మొత్తం అర్థం కాకపోయినా అయిపోయిందని మాత్రం అందరికీ తెలిసింది. సేటు చాలాసేపు సెట్టు కట్టలేదు. అన్నాళ్లలో బ్యాటరీ గురించి ఆలోచించకపోవడం అదే మొదటిసారి అనేవాడు తాత.

ఆ రాత్రే తాత బట్టల కొట్లో దొరికిన సూదితో డయల్ మీద ముల్లు ఉన్న చోట సన్నటి గీత గీశాడు. పాత సెట్లలో డయల్ మీద మీటర్లు రాసి ఉండేవి. ఆ గీత 400 దాటి కొంచెం పక్కన ఉంది.

1980ల మొదట్లో నేను నల్లగొండలో ఒక దుకాణంలో రేడియో మెకానిక్ పని నేర్చుకున్నాను. చేయి తిరిగిందన్న ధైర్యంతో తాత సెట్టు విప్పాను. హైదరాబాద్ స్టేషన్ వచ్చినప్పుడు ముల్లు గీత మీద నిలబడటం లేదు. బియ్యపు గింజంత పక్కన ఆగుతోంది. డయల్ తాడు జారిందనుకున్నాను. తాడు సర్ది ముల్లును సరిగ్గా గీత మీదికి తెచ్చాను. ఇప్పుడు విజయవాడ తప్పింది! 837 కిలోహెర్ట్జ్ మీద, 358 మీటర్ల దగ్గర రావాల్సిన స్టేషన్ దాని అంకె దగ్గర రావడం లేదు. రెండు రోజులు తంటాలు పడ్డాను. అది సరిచేస్తే ఇది తప్పేది, ఇది సరిచేస్తే అది.

పని నేర్పిన గురువు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. హైదరాబాద్ ఇప్పుడు 738 మీద ఉంది, అంటే 406 మీటర్లు. 1978 నవంబర్‌లో అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన దేశంలోనూ మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిది తొమ్మిది కిలోహెర్ట్జ్‌ల ఎడంతో సర్దుకున్నాయి. 738ని గానీ 837ని గానీ తొమ్మిదితో భాగించి చూడండి, శేషం రాదు. 730 అలా పోదు. తాత గీసింది 411 దగ్గర. సెట్టులో తప్పేమీ లేదు, గీతలోనూ తప్పు లేదు. ఆ చోట ఉన్న స్టేషనే ఇప్పుడు లేదు.

తాడు మళ్లీ మామూలుగా కట్టి ఇంటికి తెచ్చాను. తాతకు చెప్పి, పాత గీత రుద్ది తీసేసి 406 దగ్గర కొత్తది గీయమంటావా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని డయల్ మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"అది హైదరాబాదుది గాదురా, దక్కన్ ది. దాన్ని ముట్టకు. నీది నువ్వు పక్కన గీసుకో," అన్నాడు.

ఇప్పుడు ఆ డయల్ మీద రెండు గీతలున్నాయి.