హామర్ ‘డ్రాకులా’ (1958): ఏ బ్లూ-రే కొనాలి?

2013లో బ్రిటన్‌లో వచ్చిన బ్లూ-రే తీసుకోండి, సెన్సార్ కోసేసిన షాట్లు తిరిగి చేర్చిన వెర్షన్ అందులో ఉంది. 1958లో బ్రిటిష్ సెన్సార్, హామర్ అనే బ్రిటిష్ సంస్థ తీసిన ఈ సినిమాలో భయానకంగా, మరీ శృంగారంగా అనిపించిన ముక్కలు తీయించింది. దశాబ్దాల పాటు జనం చూసింది ఆ కోత పడిన సినిమానే. జపాన్‌కు వెళ్లిన ప్రింట్‌లో మాత్రం అవి మిగిలాయి. అగ్నిప్రమాదంలో కొంత పాడైన ఆ రీళ్లు 2011లో టోక్యో ఆర్కైవ్‌లో దొరికాయి.

ఉదాహరణకు క్లైమాక్స్. ఎండ తగిలి కుళ్లిపోతున్న డ్రాకులా (క్రిస్టఫర్ లీ) తన ముఖాన్ని తానే గోళ్లతో చీరుకుంటాడు, చర్మం ఊడి చేతికొస్తుంది. క్షణాల షాటే, కానీ అది లేకపోతే ముగింపు చప్పబడుతుంది.

కొత్త డిస్క్ అయితే సినిమా పూర్తిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2018లో అమెరికాలో ‘హారర్ ఆఫ్ డ్రాకులా’ పేరుతో వచ్చిన బ్లూ-రేలో ఉన్నది ఇదే సినిమా, కానీ జపాన్‌లో దొరికిన షాట్లు లేవు. బ్లూ-రేలకు ప్రాంతాల వారీగా రీజియన్ కోడ్ ఉంటుంది, వేరే రీజియన్ డిస్క్ మీ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. బ్రిటన్ బ్లూ-రేల రీజియన్ బీ, మన దేశానిది సీ. కొనే ముందు మీ ప్లేయర్ సంగతి చూసుకోండి.