శ్రీపాద వారు మీకేమవుతారండీ?

"మీ ఇంటిపేరుతో ఫేమస్ అయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళు మీకు చుట్టాలేనా" అని కదా ప్రశ్న. మాది శ్రీపాద. చుట్టాలా అంటే, మా తాతయ్య ఎంత లాగినా ఒక్క వరస కూడా కలవలేదు. కానీ ఈ ఇంటిపేరు పుణ్యమా అని ఎనిమిదో క్లాసులో నా పరువు పోయింది, ముందు అది చెప్తా.

మాది రాజమండ్రి. స్కూల్లో వక్తృత్వ పోటీ పెట్టి మన ఊరి రచయిత గురించి మాట్లాడమన్నారు, ఇంకేం మన ఇంటిపేరాయనే ఉన్నాడు కదా అని స్టేజీ ఎక్కి, శ్రీపాద శాస్త్రి గారు రామాయణ భారత భాగవతాలు మూడూ ఒంటిచేత్తో తెలుగు పద్యాల్లోకి తెచ్చారు, మళ్ళీ "వడ్లగింజలు" లాంటి కథలు కూడా రాశారు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశా. జడ్జిగా కూర్చున్న తెలుగు మాస్టారు నవ్వు ఆపుకోలేక "ఒరేయ్, ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక్కణ్ణి చేసేశావేంట్రా, అదీ శ్రీపాద వారింట్లో పుట్టి" అన్నారు. హాలంతా ఒకటే నవ్వులు.

విషయం ఏంటంటే, ఇద్దరూ శ్రీపాదలే, ఇద్దరూ శాస్త్రులే, ఇద్దరూ రాజమండ్రిలోనే ఉన్నారు. పెద్దాయన కృష్ణమూర్తి శాస్త్రి గారు, 1866లో పుట్టారు. ఆ మూడు మహాకావ్యాలూ ఈయనవే, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి తరవాత ప్రభుత్వ ఆస్థానకవి కూడా. రెండో ఆయన సుబ్రహ్మణ్య శాస్త్రి గారు, 1891లో అనపర్తి దగ్గర పొలమూరులో పుట్టారు, అంటే పెద్దాయన కంటే పాతికేళ్ళు చిన్న. కథలు ఈయనవి. ఒకరేమో నిండు పద్యం, ఇంకొకరేమో మన గోదావరి జిల్లా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగు. ఈ చిన్న శాస్త్రి గారు కూడా మొదట్లో వాడుకభాషకి ఎదురు తిరిగినవాడేనట, తరవాత మనసు మార్చుకుని వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారికి 1933లో రాజమండ్రిలో పెద్ద సన్మానం దగ్గరుండి జరిపించాడు. అలా ఒప్పేసుకుని అటు వెళ్ళిపోవడం నాకు భలే నచ్చుతుంది. ఇద్దరూ పోయింది కూడా రెండు నెలల తేడాలోనే, ఒకరు 1960 డిసెంబర్ చివర్లో, ఇంకొకరు 1961 ఫిబ్రవరిలో. ఇన్ని కలిస్తే ఎనిమిదో క్లాసు పిల్లాడు కలిపేయడా మరి!

ఆ రోజు ఇంటికొచ్చి ఏడుస్తుంటే తాతయ్య ఏమీ అనలేదు, చదరంగం బోర్డు తీసి, బామ్మనడిగి గుప్పెడు బియ్యం తెచ్చి, "వడ్లగింజలు కథలో శంకరప్ప పెద్దాపురం మహారాజు గారి దగ్గర చదరంగం ఆడి ఏమడిగాడో తెలుసా, మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా గడి గడికీ రెట్టింపు, పెట్టు చూద్దాం" అన్నాడు. మొదటి వరస చివరి గడికే 128 గింజలు, గడిలో పట్టక పక్కకి జారిపోతున్నాయి. తొమ్మిదో గడికి 256 లెక్కపెట్టేసరికి నా ఏడుపూ పోయింది ఓపికా పోయింది, బామ్మేమో బియ్యం నేలపాలు చేస్తున్నారని తాతామనవళ్ళిద్దర్నీ కలిపి తిట్టింది. అప్పట్నించీ ఈ జన్మలో మళ్ళీ ఆ ఇద్దరు శాస్త్రుల్నీ కలపలేదు.

మూడో ఆయన పినాకపాణి గారు. డాక్టరు, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్, కానీ లోకానికి తెలిసింది కర్ణాటక సంగీతంతో. నేదునూరి కృష్ణమూర్తి గారు, వోలేటి వెంకటేశ్వర్లు గారు, నూకల చినసత్యనారాయణ గారు, వీళ్ళంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. 1913లో పుట్టి 2013 మార్చిలో పోయారు, నాలుగైదు నెలలుంటే నిండా నూరేళ్ళు. మా ఇంట్లో ఎవరికైనా జలుబు చేసి గొంతు బొంగురుపోతే "పాణి గారి ఇంటిపేరు పెట్టుకుని ఇదేం గొంతురా" అని ఇప్పటికీ జోకు.

పిఠాపురం వెళ్తే ఇంకో గొడవ. అక్కడ దత్తావతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుల వంశమా మీది అని చేతులు జోడించబోతారు, అయ్యా అది ఆయన పేరండీ, నాది ఇంటిపేరు అని చెప్పుకోవాలి.

హైదరాబాద్ వచ్చాక అసలు కథే మారిపోయింది. పాత అసెంబ్లీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావు గారి వల్ల, ఆయన పేరు పెట్టిన ఎల్లంపల్లి ప్రాజెక్టు వల్ల పెద్దపల్లి వైపు వాళ్ళకి శ్రీపాద అంటే మనిషి పేరే. మా ఆఫీసులో పెద్దపల్లి అబ్బాయి ఒకడు చేరిన మొదటి రోజు నుంచీ నన్ను "శ్రీపాదన్నా" అనే పిలుస్తాడు. రెండుసార్లు చెప్పి చూశా, "మంచిగుంది గదన్నా" అన్నాడు. ఇప్పుడు టీమ్ మొత్తానికీ నేను శ్రీపాదన్ననే, అసలు పేరు జీతం స్లిప్పులో తప్ప ఎక్కడా కనబడదు.