శునకోపాఖ్యానం: మీ ఉత్తరాలు, మా ఎలుక, నేను

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఫిర్యాదులే. మా కుక్క మొండిది, మా కుక్క దొంగది, మా కుక్కకి పొగరు. మా ఇంట్లో ఉన్న కుక్క పేరు ఎలుక. తెచ్చిన రోజు రెండు అరచేతుల్లో పట్టిందని అలా పెట్టాం. ఇప్పుడు 28 కిలోలు. న్యాయంగా ఉంటుందని ఈ ఉత్తరాలు దానికే చదివి వినిపించాను. రెండో ఉత్తరం సగంలో ఉండగానే గుర్రు పెట్టింది. కాబట్టి జవాబులు నేనే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్లుగా ఏదో ఒక కుక్కతో ఒకే కప్పు కింద బతుకుతున్నదాన్ని, అంతే.

ప్రశ్న: మా వారు ‘రా’ అంటే పరిగెత్తుకెళ్తుంది. నేను పిలిస్తే తల కూడా తిప్పదు. అన్నం పెట్టేది నేను, స్నానం చేయించేది నేను. నా మీద దీనికి గౌరవం లేదా?

అమ్మా, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మొదటి పేజీలో ‘రా నాన్నా అని పిలిచాను’ అన్నారు. రెండో పేజీలో అది ‘ఇటు రావే’ అయింది. చివర్లో ‘వస్తావా రావా అని అరిచాను’ అని ఉంది. మనకి మూడూ ఒకటే పిలుపు. దాని చెవికి మూడు వేరే వేరే శబ్దాలు. మీ వారు మాట తక్కువ మనిషై ఉంటారు. ‘రా’ అంటారు, ఊరుకుంటారు.

తెలుగుతో వచ్చిన చిక్కు ఇంకోటి ఉంది. రోజంతా మనం దాని ముందు ‘రా’ అంటూనే ఉంటాం. ఏంట్రా, లేవరా, ఏం చేశావురా, ఆగరా. ఆఖరికి ‘పోరా’లో కూడా ‘రా’ ఉంది! పాపం, పో అన్నది వినాలా, రా అన్నది వినాలా?

ఒకరోజు మా ఇంట్లో నలుగురం కూర్చుని, ఎలుకని కూర్చోబెట్టడానికి ఎవరెవరు ఏమేం అంటున్నామో కాగితం మీద రాశాం. తొమ్మిది తేలాయి. కూర్చో, కూచో, కూర్చోమ్మా, సిట్, సిట్ డౌన్... అలా పోయి పోయి మా ఆయన ‘కూర్చోమన్నానా లేదా’ దగ్గర ఆగింది. అన్నీ కొట్టేసి ఒక్క ‘కూచో’ ఉంచి, కాగితం ఫ్రిజ్‌కి అంటించాం. పిలవడానికి ‘రా’ పూర్తిగా మానేసి చిన్న ఈల పెట్టుకున్నాం. ఈల విని వచ్చిన ప్రతిసారీ దాని నోట్లో ఏదో ఒకటి పెట్టాం. పది రోజుల్లో దారికి వచ్చాం. మేం అంటున్నాను, గమనించండి.

అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క ఉండేది. 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. జాన్ పిల్లీ అనే రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్ మూడేళ్లపాటు రోజుకి నాలుగైదు గంటలు దానితో కూర్చున్నారు. ఆ వివరాలు 2011లో అచ్చయ్యాయి. కుక్క తెలివైనదే, కాదనను. కానీ నాకు నచ్చింది ఆయన పద్ధతి. ఒక బొమ్మకి ఒకటే పేరు. ఎవరు నేర్పినా అదే పేరు పలకాలని, చెరిగిపోని ఇంకుతో బొమ్మ మీదే రాసిపెట్టారు. మన ఇళ్లలో అయితే ఒక బంతికే పదహారు ముద్దుపేర్లు ఉంటాయి.

అన్నట్టు, పిలిచి స్నానానికి తీసుకెళ్లకండి. స్నానానికైతే మీరే దాని దగ్గరికి వెళ్లండి. లేకపోతే ఆ పిలుపుకి అర్థం ‘బకెట్’ అనుకుంటుంది.

ప్రశ్న: వాకింగ్‌కి తీసుకెళ్తే వాకింగ్ తప్ప అన్నీ చేస్తుంది. ప్రతి స్తంభం దగ్గరా వాసన చూస్తూ ఆగుతుంది. అరగంటకి వీధి చివరికి కూడా చేరం. లాక్కెళ్లనా?

లాక్కెళ్లకండి. వాకింగ్ ఎవరి కోసమో ముందు మీరే తేల్చుకోండి.

నిన్న ఎలుక ఒకే స్తంభం దగ్గర 3 నిమిషాల 40 సెకన్లు నిలబడింది. నాకు తొందరేం లేదు కాబట్టి టైం చూశాను. ముందు దూరం నుంచే మూతి ఎత్తి గాలి చూసింది. తర్వాత స్తంభం మొదట్లో నేలకి ముక్కు ఆనించింది. ముక్కు పక్కల ఉన్న చీలికలు సన్నగా అదురుతున్నాయి. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి, నేలకి జానెడు ఎత్తున ఒక చోట ఆగిపోయింది. అక్కడ తోక కూడా ఆగింది. ఊపిరి చప్పుడు మాత్రం వినిపిస్తోంది, కుట్టు మిషన్‌లా. చివరికి పెదవులు నాక్కుని, ఒళ్లు విదిలించుకుని, తెలిసినవాళ్ల కబురేదో అందినట్టు హుషారుగా కదిలింది. నాకు కనిపించింది మాత్రం సిమెంటు స్తంభం.

ఆ పక్క చీలికలు ఊరికే లేవు. మనం ఊపిరి వదిలితే, పీల్చిన దారినే బయటికొచ్చి ఎదురుగా ఉన్న వాసనని చెదరగొడుతుంది. కుక్క వదిలిన గాలి ఆ చీలికల్లోంచి పక్కలకి పోతుంది. వాసన చెదరదు, సెకనుకి ఐదుసార్ల దాకా పీలుస్తూనే ఉండొచ్చు. వాసన పట్టే గ్రాహకాలు మనకి 50, 60 లక్షలైతే, కొన్ని జాతుల కుక్కలకి 30 కోట్ల వరకూ ఉంటాయి. నడిచి వెళ్లిన మనిషి అడుగుజాడలు వరసగా ఐదు దొరికితే చాలు, ఎటు వెళ్లాడో శిక్షణ ఉన్న కుక్కలు తేల్చిన ప్రయోగం ఒకటుంది. అడుగుకీ అడుగుకీ మధ్య వాసనలో ఉండే పిసరంత తేడాయే దానికి ఆధారం. ఇంత సరంజామా ముక్కులో పెట్టుకున్నదాన్ని మెడ పట్టి లాగడం దారుణం కదండీ.

నాకు షుగర్ ఉంది, నేనూ నడవాలి. అందుకని మాది ఒప్పందం. మొదటి పావుగంట ఎలుకది. పొడుగు తాడు, ఛాతీకి వేసే పట్టీ, ఎక్కడ ఆగితే అక్కడ నేనూ ఆగుతాను. తర్వాత పొట్టి తాడు. అది నా వాకింగ్, ఆగడాల్లేవు. ఏ తాడు ఎవరిదో దానికి వారంలో తెలిసిపోయింది. నేను పొట్టి తాడు తీసేసరికి ఒక నిట్టూర్పు విడుస్తుంది, అది మాత్రం భరించాలి.

ప్రశ్న: మా ఐదు నెలల కుక్కపిల్ల నా కొత్త బూట్లు రెండూ నమిలేసింది. నిలదీస్తే తప్పు చేసినట్టు ముఖం పెడుతుంది. తప్పని తెలిసీ ఎందుకు చేస్తోంది?

అయ్యా, ముందు దాని నోరు తెరిచి చూడండి. 28 పాలపళ్లు ఊడి 42 అసలు పళ్లు వస్తున్న వయసు. చిగుళ్లు సలుపుతుంటాయి, ఏది అందితే అది కొరుకుతుంది. మీ బూట్లు అందాయి.

ఆ ముఖం సంగతి వేరే. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు సరిగ్గా దీన్నే పరీక్షించారు. యజమాని తినుబండారం చూపించి, ‘వద్దు’ అని చెప్పి గదిలోంచి వెళ్లిపోతారు. కొన్నిసార్లు కుక్క తింటుంది, కొన్నిసార్లు తినదు. తిరిగొచ్చిన యజమానికి మాత్రం ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం చెప్పారు. తీరా చూస్తే, తిన్నా తినకపోయినా తిట్టినప్పుడే ఆ ముఖం వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో ఇంకా ఎక్కువ వచ్చింది.

ఇదంతా చదివి కూడా నేను బాగుపడలేదు. ఒకరోజు సోఫా దిండు చిరిగి దూది బయటికొచ్చి ఉంది. ‘ఎలుకా!’ అన్నాను. చెవులు వెనక్కి వాలిపోయాయి, తోక కాళ్ల మధ్యకి పోయింది, తెల్లగుడ్డు కనిపించేలా పక్కకి చూస్తూ గోడకి అతుక్కుపోయింది. దొంగ దొరికిందనుకున్నాను. సాయంత్రం మా ఆయన నెమ్మదిగా బయటపెట్టారు. సోఫాలో కత్తెర మర్చిపోయి, దాని మీదకి దిండు లాక్కుని కూర్చున్నారట. ఆయన ముఖంలో మాత్రం ఏ పశ్చాత్తాపమూ లేదు.

మీకు కనిపించింది అపరాధ భావం కాదు, మీ గొంతు విని పుట్టిన భయం. అరగంట కింద నమిలిన బూటుకీ ఇప్పటి తిట్టుకీ ఉన్న లంకె దానికి తెలియదు. బూట్లు ఎత్తున పెట్టండి. శుభ్రమైన గుడ్డ తడిపి, ముడివేసి, ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక మీ ఎదుటే నమలనివ్వండి. చిగుళ్లకి హాయిగా ఉంటుంది.

ప్రశ్న: ఒక్క చాక్లెట్ ముక్క పెడితే ఏమవుతుంది? ఆశగా చూస్తోంది.

పెట్టకండి. అందులోని థియోబ్రోమిన్‌ అనే పదార్థం కుక్కకి విషం, దాని ఒంట్లో అరగడం చాలా నిదానం. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చక్కెరకి బదులు వాడే జైలిటాల్ కలిపిన చూయింగ్ గమ్ కూడా అదే జాబితా. ఆశగా చూడటం దాని ఉద్యోగం. ఎలుక సబ్బుని కూడా అలాగే చూస్తుంది.

ప్రశ్న: తోక ఊపుతోంది కదా అని చెయ్యి చాపితే పక్కింటి కుక్క కరిచింది. ఇంత మోసమా?

ముందు గాయం సంగతి. సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లే ఉంటారనుకుంటున్నాను. వెళ్లకపోతే ఈ పుస్తకం మూసి లేవండి. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

ఇక మోసం. తోక ఊపడం అంటే సంతోషమని మనం రాసుకున్నాం, అది సంతకం పెట్టలేదు. లోపల ఏదో ఉద్వేగం ఉందన్నంత వరకే తోక చెబుతుంది. ఏ ఉద్వేగమో తక్కిన ఒళ్లు చెబుతుంది. నడుముతో సహా ఊగిపోతూ, నోరు వదులుగా తెరిచి వస్తే బెంగలేదు. తోక నిటారుగా లేచి కొస మాత్రం చకచకా ఆడుతూ, మూతి బిగుసుకుని, ఒళ్లు కొయ్యలా ఉంటే చెయ్యి జేబులో పెట్టుకోండి. 2007లో ఇటలీలో 30 కుక్కల తోకలు కొలిచారు. తమ మనిషిని చూస్తే ఊపు కుడివైపు ఎక్కువ ఉంది. తెలియని, పెత్తనం చేసే రకం కుక్కను చూస్తే ఎడమవైపు ఎక్కువ ఉంది. కుడి అంటే వాటి కుడి. ఎలుక వెనకాల మోకాళ్ల మీద కూర్చుని నేనూ చూడబోయాను. కళ్లజోడు ఎగిరి పడింది, దిక్కు తెలియలేదు.

తోక మాట వచ్చింది కాబట్టి ఒక పాత కక్ష తీర్చుకుంటాను. ‘కుక్క తోక వంకర’ అని ఎవరినైనా తిట్టినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 1959లో సైబీరియాలో ద్మిత్రీ బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. మనిషిని చూసి బెదరని, కరవని నక్కలనే ఏరి, వాటికే పిల్లలు పుట్టించారు. తోకల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని తరాలకి, మచ్చికైన నక్కల్లో కొన్నిటికి చెవులు వాలాయి, తోకలు వంకర తిరిగాయి! ఆ నక్కలు అంతకు ముందే ఫారాల్లో పెరిగినవి కదా, ఈ లక్షణాలు ఎప్పటివో అని వాదించేవాళ్లూ ఉన్నారు, వాదించుకోనివ్వండి. మంకుతనానికి గుర్తుగా మనం వాడుకుంటున్న వంకర, మచ్చికతో పాటు వచ్చిందేమో అనుకుంటే నాకు బావుంటుంది.

ప్రశ్న: మా కుక్కకి 14 ఏళ్లు. ఏడుతో గుణిస్తే 98 అట కదా. రాత్రిళ్లు లేచి గదుల్లో తిరుగుతోంది, మూలకి పోయి గోడ వైపు చూస్తూ నిలబడుతోంది. మమ్మల్ని మర్చిపోతోందా?

ముందు ఆ ఏడు సంగతి వదిలేయండి. 2020లో లాబ్రడార్ల డీఎన్ఏలో వయసుతో వచ్చే మార్పులను మనుషులతో పోల్చి చూశారు. ఏడాది నిండిన కుక్క 31 ఏళ్ల మనిషితో సమానం, 14 ఏళ్లది సుమారు 73. మొదట్లో పరుగు, తర్వాత నడక. అదీ ఆ ఒక్క జాతి లెక్క. పెద్ద జాతులు త్వరగా ముసలివవుతాయి, చిన్నవి నిదానంగా.

మీరు రాసినవి ముసలితనంలో కుక్కలకి వచ్చే మతిమరుపు లక్షణాల్లాగే ఉన్నాయి. అయినా ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. కీళ్ల నొప్పి ఉన్నా, చూపు తగ్గినా, మూత్రం ఇబ్బంది ఉన్నా రాత్రి నిద్ర పట్టక అలాగే తిరుగుతాయి. వాటిలో కొన్నిటికి మందులున్నాయి.

ఈలోగా రాత్రి చిన్న దీపం ఉంచండి. నున్నటి గచ్చు మీద, అది నడిచే దారి పొడవునా చాపలు పరవండి. నీళ్ల గిన్నె, పక్క, సోఫా ఏవీ జరపకండి. మూలలో నిలబడితే పేరు పెట్టి గట్టిగా పిలవొద్దు, ఉలిక్కిపడుతుంది. పక్కగా వెళ్లి, చెయ్యి వాసన చూపించి, నెమ్మదిగా తిప్పండి.

ఎలుకకి ముందు మాకు మొద్దు అనే కుక్క ఉండేది. పదిహేనో ఏట అది బయటికి వెళ్లాలనిపిస్తే తలుపు దగ్గరికి సరిగ్గానే వచ్చేది. కానీ గడియ వైపు కాదు, బందుల వైపు నిలబడేది. ఆ సందులో ముక్కు పెట్టి, తెరుచుకుంటుందని చూస్తూ ఉండేది. తలుపు ఇవతల బార్లా తీసి ఉన్నా కదిలేది కాదు. మొదట్లో మేం నవ్వాం. తర్వాత మానేశాం. ఎవరు చూస్తే వాళ్లు వెళ్లి, మెడ కింద చెయ్యి వేసి, రెండడుగులు ఇటు నడిపించేవాళ్లం. గుమ్మం దాటాక గాలి తగిలేసరికి మూతి పైకెత్తేది. రోజుకి ఆరేడు సార్లు, దాదాపు ఎనిమిది నెలలు.

మిమ్మల్ని మర్చిపోతోందా అన్నారు. మొద్దు చివరి రోజుల్లో నా ముఖం చూసి గుర్తుపట్టినట్టు ఉండేది కాదు. అరచెయ్యి ముక్కు దగ్గర పెడితే మాత్రం తోక నేలకేసి రెండుసార్లు కొట్టేది. మీరూ పెట్టి చూడండి. సబ్బుతో కడుక్కోకుండా.