పోవిస్ కోట క్లైవ్ వారసులదే అయితే వాళ్ళ ఇంటిపేరు హెర్బర్ట్ ఎలా అయింది?

మీరు అడిగింది ఇదీ: వేల్స్‌లోని పోవిస్ కోట దొరలు రాబర్ట్ క్లైవ్ వారసులే అయినప్పుడు, వాళ్ళకు హెర్బర్ట్ అనే ఇంటిపేరు ఎక్కడిది? క్లైవ్ పేరు పూర్తిగా పోయిందా?

మాది కడప జిల్లా. 1800లో నిజాం మా సీమను కంపెనీకి ఇచ్చేసినప్పుడు మద్రాసు గవర్నర్‌గా ఉన్నది రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్. ఆ ఆసక్తితోనే ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో పోవిస్ కోట చూడడానికి వెళ్ళాను. టిప్పు సుల్తాన్ గుడారం, ఆయన సింహాసనం మీది పులి తల అక్కడే ఉన్నాయి. వాటి ముందు నిలబడితే మనసుకు కష్టంగా అనిపించింది. ఈ కుటుంబం గురించి శ్రద్ధగా చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

అసలు ఆ కోట క్లైవ్‌లది కానే కాదు, హెర్బర్ట్‌లది. ఎడ్వర్డ్ క్లైవ్ 1784లో హెర్బర్ట్‌ల ఆడపడుచు హెన్రియెట్టాను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ వంశం పాతది, కానీ చేతిలో డబ్బు లేదు. క్లైవ్‌లకు ఇండియాలో సంపాదించిన డబ్బు ఉంది, పాత పేరు లేదు. హెన్రియెట్టా అన్న, అప్పటి పోవిస్ ఎర్ల్ (ఎర్ల్ అంటే అక్కడ వంశపారంపర్యంగా వచ్చే దొర బిరుదు), పెళ్ళి కాకుండానే 1801లో చనిపోయాడు. ఆయనతో ఎర్ల్ బిరుదు ఆగిపోయింది. ఆస్తి మాత్రం వీలునామా ప్రకారం మేనల్లుడికి, అంటే హెన్రియెట్టా పెద్ద కొడుకుకు వచ్చింది. క్లైవ్ పేరు వదిలి హెర్బర్ట్ పేరు పెట్టుకోవాలన్నది మేనమామ షరతు. మన దగ్గర దత్తత వెళ్ళినవాడు ఇంటిపేరు మార్చుకుంటాడే, దాదాపు అలాంటిదే. కాకపోతే అక్కడ ఇలాంటి మార్పుకు రాజు అనుమతి తీసుకునేవారు. అది 1807లో వచ్చింది. ఈలోగా 1804లో తండ్రి ఎడ్వర్డ్ క్లైవ్‌కు పోవిస్ ఎర్ల్ బిరుదును కొత్తగా ఇచ్చారు. అందుకే తండ్రి క్లైవ్‌గానే మిగిలాడు, కొడుకు హెర్బర్ట్ అయ్యాడు.

మీరూ ఈ వంశవృక్షం రాసుకుంటే ప్రతి పేరు పక్కనా పుట్టిన, పోయిన సంవత్సరాలు తప్పకుండా వేయండి. తండ్రి ఎడ్వర్డ్, కొడుకు ఎడ్వర్డ్, మనవడూ ఎడ్వర్డే. పైగా పోవిస్ ఎర్ల్ బిరుదు ఆగిపోయి మళ్ళీ పుట్టినప్పుడల్లా లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి, ‘రెండో ఎర్ల్’ అని కనిపిస్తే అది మేనమామా, మేనల్లుడా అన్నది సంవత్సరం చూస్తేనే తెలుస్తుంది.

ఆ మేనల్లుడు (1785–1848) 1847లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ఛాన్సలర్ పదవికి ఏకంగా విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ మీదే పోటీ చేసి, కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మరుసటి ఏడాది వేటలో సొంత కొడుకు తుపాకీ గుండు పొరపాటున తగిలి చనిపోయాడు.

నాకు మాత్రం ఈ కుటుంబంలో ఆడవాళ్ళ కథే ముఖ్యం అనిపిస్తుంది. కోట వచ్చింది హెన్రియెట్టా వైపు నుంచి. 1800లో ఆమె ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని మద్రాసు నుంచి శ్రీరంగపట్నం, తంజావూరు దాకా తిరిగి వచ్చింది. చిన్న కూతురు షార్లెట్ నార్తంబర్లాండ్ డ్యూక్‌ను పెళ్ళాడి, తర్వాత చిన్నారి విక్టోరియాకు గవర్నెస్‌గా ఉంది. కుండీల్లో పెంచే నారింజ రంగు పూల క్లైవియా మొక్కకు ఆ పేరు ఈమె పుట్టింటి పేరు మీదుగానే వచ్చింది. గవర్నర్ గారి చరిత్ర చెప్పేటప్పుడు వీళ్ళను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. క్లైవ్ పేరు పోలేదు. హెన్రియెట్టా రెండో కొడుకు రాబర్ట్ హెన్రీ ఆ పేరు వదల్లేదు. ఆయన విండ్సర్ కుటుంబం అమ్మాయిని చేసుకోవడంతో ఆ శాఖ విండ్సర్-క్లైవ్ అయింది. ప్లిమత్ ఎర్ల్‌లు వాళ్ళే. పోవిస్ వైపు కూడా ఎర్ల్ పెద్ద కొడుకును ఇప్పటికీ వైకౌంట్ క్లైవ్ అనే పిలుస్తారు.