రెక్కలు చివర్లో బిగించు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు సొంతంగా క్వాడ్‌కాప్టర్, అంటే నాలుగు మోటార్ల డ్రోన్, తయారు చేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. మొదటిదానికే కెమెరా, జీపీఎస్ అన్నీ పెట్టాలని చూస్తున్నావట. అది మాత్రం వద్దమ్మా. నేర్చుకునే యంత్రం కింద పడటానికే పుడుతుంది. పడిన సాయంత్రమే నీ చేత్తో నువ్వు బాగుచేసుకోగలిగినది కావాలి. ఖరీదైనది పడితే గుండె ఆగినట్టవుతుంది. ఆ భయంతో నెలకోసారి కూడా ఎగరేయవు. ఎగరేయకపోతే చేతికి ఎప్పుడు వస్తుంది?

అందుకే చట్రం చెక్కతో చెయ్యి. మీ విజయనగరంలో ఏ వడ్రంగిని అడిగినా అర అంగుళం చదరపు బద్దలు కోసి ఇస్తాడు. పేళ్లు వంకర లేకుండా, ముడులు లేకుండా చూసి తీసుకో. మోటార్లు మోసే నాలుగు చేతులనూ తూచి, బరువు సమానంగా ఉన్నవే వాడు. మధ్యలో కింద ఒకటి, పైన ఒకటి పలుచని ప్లైవుడ్ పలకలు పెట్టి బోల్టులతో బిగించు. ఎదురెదురు మోటార్ల మధ్య 450 మిల్లీమీటర్లు ఉంచితే, పక్కపక్క మోటార్ల మధ్య దూరం 318 దాకా వస్తుంది. పది అంగుళాల రెక్క (ప్రొపెల్లర్) అంటే 254 మిల్లీమీటర్లు. అంటే రెండు రెక్కల కొసల మధ్య రెండున్నర అంగుళాల ఖాళీ మిగులుతుంది, అది చాలు. చెక్క అదురును కొంత తనలోనే తాగేస్తుంది. పడినప్పుడు మోటారు వంగేలోపు చెక్క విరుగుతుంది. విరిగితే ఇంకో బద్ద కోయించుకుంటావు, అంతే.

ఇక మోటార్లు. ముప్పై ఏళ్లు పొలాల మోటార్లకు వైండింగ్ చేసినవాణ్ణి కాబట్టి ఈ మాట కాస్త ఎక్కువే చెబుతాను. 2212 అని పిలిచే రకం, వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లవి వాడాలి. 11.1 వోల్టుల బ్యాటరీకి, రెక్క లేకుండా అయితే, నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతాయి. మన పొలం మోటారు తిరిగేది 1440. ఆ తేడా మనసులో ఉంచుకుంటే దాని దగ్గర చేయి ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది. ఇవి కూడా మూడు తీగల మోటార్లే. పొలం మోటారుకు ఏ రెండు ఫేజులు మార్చినా తిరిగే దిక్కు ఎలా మారుతుందో, దీనికీ అంతే. మూడింటిలో ఏ రెండు తీగలు అటూఇటూ మార్చినా ఎదురు తిరుగుతుంది. ఐమూలగా ఉన్న రెండూ ఒక దిక్కుకు, మిగతా రెండూ రెండో దిక్కుకు తిరగాలి. అలా కాకపోతే మోటార్ల తిరుగుడుకు ఎదురుగా చట్రమే బొంగరంలా తిరుగుతుంది.

మోటారు బిగించే స్క్రూల పొడవు జాగ్రత్తగా చూడు. చెక్క మందం పోను లోపలికి రెండు మూడు మిల్లీమీటర్ల మర చాలు. అంతకంటే పొడవైతే స్క్రూ కొస లోపలి తీగచుట్టకు తగిలి తీగ మీది ఎనామిల్ పూత గీసుకుపోతుంది. మోటారు చేత్తో తిప్పితే మామూలుగానే తిరుగుతుంది, కరెంటు ఇచ్చాకే పొగ వస్తుంది. నా దగ్గరకు తెచ్చిన మోటార్లలో ఇలా కాలినవి చాలా చూశాను. స్క్రూ బిగించే ముందు టార్చి వేసి కింది రంధ్రంలోంచి చూడు. రాగి తీగ మెరుస్తూ కనిపిస్తుంది. స్క్రూ కొసకూ దానికీ మధ్య ఖాళీ కనబడాలి.

టంకం పనికి చిన్న ఇరవై ఐదు వాట్ల కడ్డీ సరిపోదు. బ్యాటరీ తీగలు లావువి, వేడిని లాగేసుకుంటాయి. అరవై వాట్లది తీసుకో. టంకం తీగలోకి ఇంకి నున్నగా పారాలి. పైన ఉండలా నిలబడిందంటే అది అంటుకోలేదని అర్థం, మళ్లీ చెయ్యి.

మొదటిసారి బ్యాటరీ కలిపేటప్పుడు నేరుగా కలపవద్దు. వైండింగ్ షాపులో కొత్త మోటారును సిరీస్ బల్బు పెట్టి చూసినట్టే ఇక్కడా చూడాలి. పన్నెండు వోల్టుల కారు బల్బును ఎర్ర తీగకు మధ్యలో కలుపు. ఒక్క క్షణం వెలిగి ఆరిపోతే అంతా బాగున్నట్టు. నిండుగా వెలిగి అలాగే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. బ్యాటరీ తీసి వెతుకు. ఆ బల్బు లేకపోతే షార్టు కరెంటంతా అడ్డు లేకుండా, మోటార్లను అదుపు చేసే నీ బోర్డులోంచి వెళ్తుంది.

ఇప్పుడు అసలు మాట. రెక్కలు చివర్లో బిగించాలి. ఏ పని ఉన్నా ముందుగా విప్పాల్సినవి కూడా అవే. ఆరేళ్ల క్రితం ఒక సాయంత్రం, రెక్కలు బిగించి ఉన్న యంత్రాన్ని బల్ల మీద పెట్టి, బ్యాటరీ తగిలించి, కంప్యూటర్‌లో సెట్టింగు మారుస్తున్నాను. మోటార్లు పరీక్షించే చోట మౌసు జరిగింది. నాలుగూ ఒక్కసారిగా లేచాయి. నా కుడిచేతి చూపుడు వేలు, బొటన వేలు రెండూ తెగాయి. ఐదు కుట్లు పడ్డాయి. సన్న తీగ చుట్టేటప్పుడు ఆ వేళ్లకు ఇప్పటికీ స్పర్శ సరిగా తెలియదు. నీ వేళ్లకు అలాంటిది రాకూడదనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. దిక్కులు సరిచూడటం, బోర్డు మీది బాణం ముందుకే ఉందో లేదో చూడటం, రిమోట్ ఆపేస్తే మోటార్లు తమంతట తామే ఆగుతాయో లేదో పరీక్షించడం, ఇవన్నీ రెక్కలు లేకుండానే చేయవచ్చు. యంత్రాన్ని చేత్తో ముందుకు వంచితే తెర మీది బొమ్మ కూడా ముందుకే వంగాలి. అది ఎదురుగా వంగిందంటే, రెక్కలు పెట్టిన మొదటి క్షణంలోనే బోర్లా పడుతుంది.

బ్యాటరీ మూడు అరల (సెల్‌ల) లిథియం పాలిమర్, 2200 ఎంఏహెచ్ రకం చాలు. ఒక్కో అర 4.2 వోల్టులకు నిండుతుంది. ఎగురుతుండగా 3.5కు వచ్చేసరికి దింపేయాలి. ఫోన్లో ఐదు నిమిషాల అలారం పెట్టుకుంటే సరిపోతుంది. వారం రోజులు వాడనప్పుడు అరకు 3.8 దగ్గర ఉంచి దాచు. ఛార్జింగ్ సిమెంటు నేల మీద, నువ్వు పక్కన ఉన్నప్పుడే. మంచం మీద, బీరువా పక్కన పెట్టవద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయవద్దు. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేయడం కూడా అంతే ప్రమాదం.

ఎక్కడ ఎగరేయాలి? సముద్రపు ఒడ్డు విశాలంగా ఉంటుందని నీకు అనిపిస్తుంది. నేను కళింగపట్నం ఒడ్డున ఎగరేశాను. రెండు సార్లు ఇసుకలో దిగింది, మూడోసారి ఒక మోటారు గరగరమంది. ఇంటికొచ్చి మోటారు పై గంట (తిరిగే మూత) విప్పితే, లోపలి అయస్కాంతాలకు నల్లని రేణువులు చీమల బారులా అంటుకుని ఉన్నాయి. మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి. బలమైన అయస్కాంతం వాటిని వదలదు. సెల్లో టేపు అంటించి లాగి లాగి తీయడానికి ఒక పూట పట్టింది. ఒడ్డుకు వెళ్లవద్దు.

కోతలైన వరి పొలం కూడా ఖాళీ అనుకోవద్దు. మన వైపు వరి కోయకముందే మినుములు, పెసలు చల్లేస్తారు. మొలకల మీద నువ్వు తొక్కితే రైతు ఏడుస్తాడు. వేసవిలో ఎండిన చెరువు గర్భమో, ఆదివారం అడిగి తీసుకున్న బడి మైదానమో మంచిది. ఉదయం ఆరుకు ముందే చేరుకో. ఎండ ఎక్కే కొద్దీ సముద్రపు గాలి మొదలవుతుంది, అప్పుడు నేర్చుకోవడం కుదరదు. టెక్కలి వైపు తేలినీలాపురం లాంటి చోట్ల, కొంగలు, గూడబాతులు చింతచెట్ల మీద పిల్లలను సాకుతుండగా ఆ దరిదాపులకు కూడా తీసుకెళ్లవద్దు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెండు కిలోల లోపుది, వ్యాపారానికి కానిది అయితే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. నీది కిలో దాటదు. అయినా ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తప్పకుండా చూడు. భోగాపురం విమానాశ్రయం వైపు ఊళ్లలో మరీ జాగ్రత్త.

మొదటి రోజుల్లో యంత్రం తోక నీ వైపే ఉండాలి. వెనక రెండు చేతులకు ఎర్ర టేపు చుట్టు. ముక్కు నీ వైపు తిరిగిందంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, అక్కడే అందరూ పడతారు. నేలకు జానెడు ఎత్తులో వేలాడించవద్దు. రెక్కల గాలి నేలకు కొట్టి తిరిగొచ్చి ఊగిసలాడిస్తుంది. తడబడకుండా నడుము ఎత్తుకు తీసుకుపోయి అక్కడ నిలబెట్టు. గాలి తగిలి జరిగితే మెల్లగా సరిదిద్దు. పట్టు తప్పిందనిపిస్తే కాపాడాలని చూడకు, రిమోట్‌లో మోటార్ల వేగం మార్చే పుల్లను (థ్రాటిల్) కిందికి లాగెయ్. గడ్డి మీద నడుము ఎత్తు నుంచి పడితే విరిగేది చెక్క బద్దే. మనిషి వైపు వెళ్లనివ్వడం కంటే అది ఎంతో మేలు. ఒక బ్యాటరీ అయిపోయే దాకా బల్లంత చోటులో నిలపగలిగాక చుట్లు మొదలుపెట్టు.

రేపు ఉదయం ఆముదాలవలస నుంచి బస్సు పార్సిల్‌లో ఒక డబ్బా పంపుతున్నాను. మోటార్లు, బోర్డు, తీగలు, సిరీస్ బల్బు, కొలిచి కోసిన ఆరు బద్దలు అందులో ఉంటాయి. రెండు బద్దలు విరగడానికి అదనం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నువ్వే వెళ్లి తీసుకో. రెక్కలు మాత్రం పెట్టలేదు. బల్బు ఆరిపోయిన ఫొటో, నాలుగు మోటార్లూ సరైన దిక్కుకు తిరుగుతున్న వీడియో పంపిన మరుసటి రోజు వాటిని నేనే తీసుకొస్తాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య