రక్తంలో ఇనుముంటే అయస్కాంతం లాగాలి కదా?

ప్రశ్న: మా అత్తయ్యగారు ఈమధ్య ఒక అయస్కాంత కంకణం కొనుక్కున్నారు. రక్తంలో ఇనుము ఉంటుంది కాబట్టి అయస్కాంతం దాన్ని లాగి రక్తప్రసరణ పెంచుతుందని అమ్మినవాళ్లు చెప్పారట. ఇంటర్ చదివే మా అబ్బాయేమో రక్తం డయా అయస్కాంతం, అసలు లాగదు అంటాడు. ఇంకోసారి అడిగితే అందులో పారా కూడా ఉందంటాడు. ఏది నమ్మాలి? మామయ్యగారికి ఎమ్మారై తీయించాలి. అంత పెద్ద అయస్కాంతంలో పడుకుంటే రక్తానికి ఏమీ కాదా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి రెండుసార్లూ నిజమే చెప్పాడమ్మా. అమ్మినవాళ్లు చెప్పిందే తప్పు.

పదార్థం అన్నాక డయా అయస్కాంతత్వం ఉండి తీరుతుంది. నీళ్లు, చెక్క, ప్లాస్టిక్, మన చెయ్యి, దేని దగ్గరికి అయస్కాంతం తెచ్చినా దాని పరమాణువుల్లోని ఎలక్ట్రాన్లు ఆ అయస్కాంత క్షేత్రానికి (దాని ప్రభావం ఉన్న చోటికి) కొద్దిగా ఎదురు తిరుగుతాయి, అందుకే ఆ వస్తువు చాలా చాలా స్వల్పంగా దూరం జరగాలని చూస్తుంది. పారా అయస్కాంతత్వం అలా అన్నిటికీ ఉండదు. జత లేని ఎలక్ట్రాన్ ఉన్నచోటే అది కనిపిస్తుంది. అలాంటి ఎలక్ట్రాన్ ఒక్కోటీ ఒక చిన్న అయస్కాంతం లాంటిది, క్షేత్రం ఉన్న వైపుకి తిరిగి, వస్తువుని అయస్కాంతం వైపు లాగుతుంది. ఇంటి జమాఖర్చుల్లాగే ఈ రెండూ కలిపి చూస్తే మిగిలేదేదో, బయటికి కనిపించేది అదే.

ఇక రక్తం సంగతి. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు, అందులో సుమారు మూడింట రెండు వంతులు రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. కానీ అది మేకులో ఉన్న ఇనుము లాంటిది కాదు. మేకులో ఇనుప పరమాణువులు పక్కపక్కనే కిక్కిరిసి, ఒకదాన్ని చూసి ఒకటి లక్షల కోట్ల సంఖ్యలో ఒకే దిక్కుకి తిరుగుతాయి కాబట్టి అంత బలంగా అతుక్కుంటుంది. హిమోగ్లోబిన్ అణువులో తొమ్మిది వేలకు పైగా పరమాణువులుంటే వాటిలో ఇనుము నాలుగంటే నాలుగే, అవి కూడా ఒకదానికొకటి దూరంగా, ఒక్కోటీ తన హీమ్ వలయంలో (ఇనుముని చుట్టి పట్టుకునే అణు చట్రంలో) ఒంటరిగా కూర్చుని ఉంటాయి.

1936లో అమెరికాలో లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ అనే రసాయనశాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూపించారు. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌లో జత లేని ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు, అంటే అది పూర్తిగా డయా. ఆక్సిజన్ వదిలేసిన మరుక్షణం ఒక్కో ఇనుము దగ్గర నాలుగు ఎలక్ట్రాన్లు జత లేకుండా మిగులుతాయి, అప్పుడు పారా భాగం వచ్చి చేరుతుంది. ఇంకా విచిత్రం, ఆక్సిజన్ అణువులోనూ విడిగా ఉన్నప్పుడు జత లేని ఎలక్ట్రాన్లు రెండున్నాయి (ద్రవ ఆక్సిజన్‌ని బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే అక్కడే పట్టుకుని వేలాడుతుంది), ఆ పారా పదార్థం, ఈ పారా ఇనుము కలిస్తే డయా అయిపోతోంది! నాకు రసాయనశాస్త్రంలో ఇంతకన్నా అందమైన ఫలితాలు చాలా తక్కువ కనిపిస్తాయి.

మరి ఆక్సిజన్ తగ్గిన సిరల రక్తాన్నైనా అయస్కాంతం లాగుతుందా అంటే, లాగదు. నీటి ససెప్టబిలిటీ, అంటే క్షేత్రానికి స్పందించే గుణం, పది లక్షల్లో దాదాపు మైనస్ 9 వంతులు. ఇనుము వల్ల వచ్చే పారా భాగం సిరల రక్తంలో ఆ మైనస్‌ని కాస్త తగ్గిస్తుందే తప్ప ప్లస్‌లోకి తేలేదు. నీళ్లు, ప్రోటీన్ల డయా భాగమే ఎక్కువ. కాబట్టి కంకణం రక్తాన్ని లాగే మాట అటుంచండి, ఏదైనా చేస్తే తోయాలి, ఆ తోపు కూడా గుండె కొట్టే బలం ముందు లెక్కలోకి రాదు. అత్తయ్యగారికి ముచ్చటగా ఉంటే పెట్టుకోనివ్వండి (పేస్‌మేకర్ లాంటిది ఉంటే మాత్రం వద్దు), కానీ దాన్ని నమ్ముకుని బీపీ మాత్రలు మానేస్తే ఊరుకోకండి, నా భయమంతా దాని గురించే.

ఎమ్మారై గురించి టెన్షన్ పడకండి. ఆసుపత్రుల్లో మామూలుగా 1.5 లేదా 3 టెస్లాల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) యంత్రాలుంటాయి, రక్తాన్ని అవి గుంజవు. ఒంట్లో లోహపు క్లిప్పులు, పేస్‌మేకర్, ఆపరేషన్‌లో వేసిన ప్లేట్లు ఏవైనా ఉంటే ముందే చెప్పడం మాత్రం మరచిపోవద్దు. పైగా ఆ రక్తంలోని చిన్న తేడానే డాక్టర్లు వాడుకుంటున్నారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం క్షేత్రాన్ని వేర్వేరుగా కదిలిస్తాయని, దాన్ని బట్టి మెదడులో ఎక్కడ పని జరుగుతోందో చూడొచ్చని 1990లో సెయిజీ ఒగావా బృందం చూపించింది. ఫంక్షనల్ ఎమ్మారై పుట్టింది అక్కడే.

ప్రశ్న: రాగి డయా అయస్కాంతం అని, కాపర్ సల్ఫేట్ పారా అయస్కాంతం అని మా పుస్తకంలో ఉంది. రెండింట్లోనూ ఉన్నది రాగే కదా సార్?
– ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: రాగే, కానీ ఎలక్ట్రాన్ల లెక్క మారిపోయింది. రాగి తీగలో ప్రతి పరమాణువు లోపలి కక్ష్యల్లో ఎలక్ట్రాన్లన్నీ జతపడి ఉంటాయి, బయటి ఒక్కటి లోహమంతా తిరిగే ఎలక్ట్రాన్ల గుంపులో కలిసిపోతుంది. ఆ గుంపు నుంచి కొద్దిగా పారా భాగం వస్తుంది, 1927లో భౌతికశాస్త్రవేత్త పౌలీ లెక్కగట్టింది దాన్నే. అయినా లోపలి డయా భాగమే నెగ్గుతుంది. కాపర్ సల్ఫేట్‌లో రాగి రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని అయాన్ అవుతుంది, అక్కడ ఒకటి జత లేకుండా మిగులుతుంది. స్ఫటికంలోని సల్ఫేట్, ఐదు నీటి అణువులు డయాగానే ఉంటాయి కానీ అవి తగ్గించేది ఆ పారా విలువలో పదో వంతు కన్నా తక్కువే.

మరి రెండూ కలిసిపోయి ఉంటే విడివిడిగా ఎలా తెలుస్తాయి? ఇది నువ్వు అడగలేదు గానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. పియరీ క్యూరీ 1895లో గమనించిందేమిటంటే పారా భాగం చల్లబరిచే కొద్దీ పెరుగుతుంది, పరమ ఉష్ణోగ్రత (కెల్విన్‌లలో కొలిచేది) సగమైతే అది రెట్టింపు అవుతుంది, డయా భాగం మాత్రం దాదాపు కదలదు. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర ససెప్టబిలిటీ కొలిచి, ఒకటి బై ఉష్ణోగ్రతకి ఎదురుగా గ్రాఫ్ గియ్యి. వాలు నుంచి పారా భాగం వస్తుంది, గీతని ఆ ఒకటి బై ఉష్ణోగ్రత సున్నా అయ్యే దాకా పొడిగిస్తే నిలువు అక్షం మీద తగిలే చోటు డయా భాగం.

కాలేజీ ల్యాబ్‌లో బలమైన నియోడైమియం అయస్కాంతం దొరికితే ఒక పుల్లకి రెండు చివర్లా ద్రాక్షపండ్లు గుచ్చి దారంతో వేలాడదియ్యి, గాలి తగలకుండా చూసుకో. అయస్కాంతం దగ్గరికి తెస్తే ద్రాక్ష మెల్లిగా దూరం జరుగుతుంది, నీళ్ల వల్ల. ఆ ద్రాక్షల బదులు చిన్న గొట్టాల్లో మైలుతుత్తం (అదే కాపర్ సల్ఫేట్) పలుకులు వేసి మళ్లీ చూడు, ఈసారి దగ్గరికి వస్తుంది, ద్రాక్ష కన్నా ఎంతో చురుగ్గా కూడా.